మా గోడమీది నిర్మల్ పటం

మొన్న ఇంటికి రంగులు వేయించినప్పుడు గోడలమీద ఉన్నవన్నీ దింపాం. దేవుడి పటాలు, పెండ్లి ఫొటోలు, గడియారం, అన్నీ దిగాయి. అన్నింటికన్నా చివర దిగింది హాల్లో వాకిలికి ఎదురుగా ఉండే నల్ల పటం. దాని వెనక గోడమీద నలుచదరంగా పాత నీలం సున్నం కనబడింది. ఇన్నేండ్లలో ఎన్నిసార్లు రంగులు వేసినా ఆ పటాన్ని కదిలించకుండా చుట్టూరా వేసుకుంటూ పోయారన్నమాట.

ఆ రోజు ఇల్లు చూడటానికి వచ్చిన చుట్టాలామె, "ఇంత నల్లటిది వాకిలికి ఎదురుగా ఎందుకు పెట్టుకున్నరు? వాస్తుకు మంచిది కాదు. ఏడు గుర్రాల బొమ్మనో, జలపాతమో పెట్టుకోండ్రి" అన్నది. నేను ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపిస్తోంది. కొత్త రంగు లేత గంధం వన్నె. దానిమీద ఈ నలుపు ఎట్లా నప్పుతుంది?

అదే వారంలో మా అమ్మాయికి బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉన్న ఒక ప్రకృతి చిత్రాన్ని చూసి అందులోని భావాన్ని, ప్రతీకలను ఒక పేజీ రాయాలి. దింపి గోడకు ఆనించి పెట్టిన ఆ పటాన్నే ముందు పెట్టుకుని రాసి మాకు చదివి వినిపించింది. "ఈ చిత్రంలో పల్లె ప్రశాంతంగా ఉంది. వెన్నెల శాంతికి గుర్తు. స్త్రీలు ఆనందంగా నీళ్లు తెస్తున్నారు."

చింతపండులో గింజలు తీస్తున్న మా అత్తమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "ఆనందంగ అని నీకు ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

మా అమ్మాయి నా దిక్కు చూసింది. నేను బీఏ తెలుగు చదివినదాన్ని కదా, జవాబు నా దగ్గర ఉంటుందని దాని నమ్మకం. నా దగ్గర లేదు. ఇరవై ఏండ్లకు పైగా రోజూ దుమ్ము దులిపిన పటం అది. ఒక్కనాడైనా నిలబడి చూసిన గుర్తు లేదు. ఆ ఒక్క ప్రశ్న నన్ను నెల రోజులు తిప్పింది. తిరిగి తిరిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పటంలో ఏమున్నదో చెబుతాను. నిగనిగలాడే నల్లటి నేల. పైన కుడి మూలకు నిండు చందమామ. దాని ముందు రెండు తాటిచెట్లు, ఒక గుడిసె. కింద ఒక వాగు. వాగు ఒడ్డు నుంచి గుడిసె దిక్కు ముగ్గురు ఆడవాళ్లు తలమీద కడవలతో వరుసగా నడుస్తున్నారు. ముందు ఇద్దరూ దారి చూసుకుంటూ పోతున్నారు. మూడో ఆమె మెడ వెనక్కి తిప్పి చూస్తోంది. నలుపు తప్ప తక్కినవన్నీ బంగారు వన్నెలో, కొంచెం ఆకుపచ్చలో, కొంచెం ఎరుపులో ఉంటాయి. అంతే.

ఇది నిర్మల్ పటం. మా మామయ్య 1983లో కొన్నది. మా ఆయనకు బాసరలో అక్షరాభ్యాసం చేయించి, తిరుగు దారిలో నిర్మల్‌లో బస్సు దిగి కొన్నారట. మళ్లీ నెలకల్లా ఆయన దుబాయ్ పోయారు.

నిర్మల్ మాకు దూరమేమీ కాదు. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిర్మల్ మూడూ ఒకే రోజు జిల్లాలయ్యాయి. జగిత్యాల జిల్లాకూ నిర్మల్ జిల్లాకూ నడుమ గోదావరే హద్దు. నది దాటితే నిర్మల్. 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు అనే పాలకుడు అక్కడ కళాకారులను చేరదీశాడని, ఆయన పేరుమీదే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. అక్కడి పనివాళ్లు నకాషీలు. తేలికైన పొనికి కర్రతో పండ్లు, పక్షులు, మనుషుల బొమ్మలు చేస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతుకుతారు. మా చిన్నప్పుడు పండ్లబుట్ట బొమ్మలు లేని షోకేసు ఉండేది కాదు, మీకూ గుర్తుండే ఉంటుంది. బొమ్మలతో పాటే చెక్కమీద పటాలు. పాత రోజుల్లో ఆకుపసర్లు, ఖనిజాలు, జిగుర్లతో రంగులు కలుపుకునేవాళ్లు. ఆ తరువాత కార్లకు వేసే డ్యూకో రంగులు వచ్చాయి. మా పటానికి ఉన్న ఆ అద్దంలాంటి నునుపు డ్యూకోదే.

ఇక్కడ నాకు మొదటి సందేహం వచ్చింది. పల్లెను వేయాలనుకున్న మనిషి నలుపుతో ఎందుకు మొదలుపెడతాడు?

నేను పుట్టింది సిరిసిల్లలో. మా పద్మశాలీల వాడకు కూనపులి వాళ్లు వచ్చి, పొడుగాటి బట్ట పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. చేర్యాల నకాషీలు వేసే పటాలు అట్లాంటివి. వాటి నేల ఎరుపు. దగదగలాడే ఎరుపుమీద దేవతలు, రాజులు, మగ్గాలు. చెట్టయినా గుట్టయినా కథకు కావాల్సిన చోట మాత్రమే ఉంటుంది. అడవిలో కథ జరుగుతుంటే ఒక చెట్టు, నది దాటుతుంటే నాలుగు అలల గీతలు. ఆ పటం ముందు చిన్నపిల్లలం కూర్చుంటే, కథ చెప్పే ఆయన కర్రతో చూపించిన చోటికి మా కండ్లు పోయేవి. ఆ ఎరుపులో పగలూ రాత్రీ లేవు. అది కథ నడిచే నేల, అంతే.

నిర్మల్ పటం చేతిలో కర్ర పట్టుకుని కథ చెప్పే మనిషి లేని పటం. ఇంటి గోడకు వేలాడుతుంది. చూసేవాళ్లే కథ చెప్పుకోవాలి. అందుకే దాని నేలకు ఒక వేళ కావలసి వచ్చిందేమో అనిపించింది నాకు. నలుపు వేయగానే రాత్రి అయింది. దానిమీద బంగారు చుక్క పెట్టగానే వెన్నెల వచ్చింది. తెల్ల కాగితం మీద వెన్నెల వేయాలంటే ఎంత కష్టమో మీ పిల్లలతో ఒకసారి వేయించి చూడండి.

మరి నలుపు మంచిది కాదన్న చుట్టాలామె మాట? డిగ్రీలో చదివిన అలంకారశాస్త్రం పాత నోట్సు అటక మీంచి దింపాను. భరతుడు నాట్యశాస్త్రంలో ఒక్కో రసానికి ఒక్కో రంగు చెప్పాడు. హాస్యం తెలుపు. రౌద్రం ఎరుపు. కరుణ పావురం వన్నె. అద్భుతం పసుపు. భయానకం నలుపు. ఇక్కడిదాకా మన చుట్టాలామె గెలిచినట్టే. కానీ శృంగారానికి ఆయన చెప్పిన రంగు శ్యామం. అదీ చీకటి వన్నెనే! రాముడిది, కృష్ణుడిది, వాన మబ్బుది. భయపెట్టే నలుపు వేరు, మనసు కరిగించే నలుపు వేరు అని ఆనాడే రెండు పేర్లు పెట్టి పెట్టారు. ఏది ఏదో రంగును బట్టి తెలియదు. దాని పక్కన ఏముందో చూడాలి. మా పటంలో నలుపు పక్కన బంగారం ఉంది. భరతుడి లెక్కన పసుపు ఆశ్చర్యానికి గుర్తు. కాబట్టి మా గోడమీద ఉన్నది భయం కాదు, శ్యామం. ఇది వాస్తుకు జవాబు కాకపోవచ్చు. నాకు మాత్రం సరిపోయింది.

అదే నోట్సులో ఇంకో మాట కనబడింది. వెన్నెల, తోట, వాగు, కోయిల కూత, చల్లగాలి, వీటన్నిటికీ మన శాస్త్రంలో ఉద్దీపన విభావాలని పేరు. అంటే మనిషి మనసులో ఉన్నదాన్ని రగిలించేవి. వెన్నెలకు సొంతంగా ఒక భావం లేదు. మొగుడు పక్కన ఉంటే వెన్నెల చల్లన. లేకపోతే అదే వెన్నెల నిప్పు. మన ప్రబంధాల నిండా చందమామను తిట్టే నాయికలే కదా! అంటే మా అమ్మాయి రాసినట్టు "వెన్నెల శాంతికి గుర్తు" అని ఒక్క ముక్కలో తేల్చడానికి లేదు. ఎవరిమీద పడుతున్న వెన్నెల అని అడగాలి.

మరి మా పటంలో ఎవరిమీద పడుతోంది? ముగ్గురు ఆడవాళ్ల మీద. వాళ్లను దగ్గరగా చూశాను. సన్నటి నడుము, కొనదేలిన పెద్ద కండ్లు, ఒరిగిన మెడ. మా కోరుట్ల వాగు ఒడ్డున నీళ్లు మోసిన ఏ ఆడమనిషీ ఇట్లా ఉండదు. ఈ మనుషులు అజంతా నుంచి వచ్చినవాళ్లు. అది నా ఊహ కాదు, దాని వెనక చరిత్ర ఉంది. అజంతా గుహలు ఆనాడు నిజాం రాజ్యంలో ఉండేవి. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టింది. గులాం యాజ్దానీ దానికి అధికారి. 1920ల మొదట్లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి ఆ గోడచిత్రాలను బాగు చేయించారు. యాజ్దానీ అజంతా మీద నాలుగు భాగాల పెద్ద పుస్తకం తెచ్చారు. మొదటి భాగం 1930లో, చివరిది 1955లో వచ్చాయి. అజంతా బొమ్మలు అట్లా గుహల్లోంచి కాగితం మీదికి, అక్కడి నుంచి హైదరాబాదు సంపన్నుల ఇండ్లలోకి వచ్చాయి. నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవుల్లో ఉన్న సర్ అక్బర్ హైదరీ భార్య లేడీ హైదరీ నిర్మల్ పనివాళ్లను ప్రోత్సహించిందని చెబుతారు. నిర్మల్ పటాలమీద అజంతా ఆడవాళ్లు, మొగల్ తోటలు, జింకలు, పల్లె వెన్నెలలు అన్నీ కలిసిపోయింది ఆ కాలపు గిరాకీ వల్లనే. బంగళా గోడమీద పల్లె అందంగా ఉండాలి. నీళ్లు మోసే మనిషి అయినా రాజకుమారిలా మోయాలి.

ఇంకో సంగతి చూశాను. చందమామ ఆ ముగ్గురి వెనక ఉంది. వెనక నుంచి వెలుగు వస్తే ముఖాలు చీకట్లో ఉండాలి. కానీ ముఖాలు, చేతులు, కడవలు అన్నీ బంగారంలా మెరుస్తున్నాయి. మా అమ్మాయి దాన్ని తప్పు అన్నది. సైన్సు ప్రకారం తప్పే. కానీ చేర్యాల పటంలోనూ, అజంతాలోనూ మనిషి ముఖం మీద వెలుగు ఎక్కడి నుంచి పడుతోందని లెక్కలు వేయరు. ముఖం ముఖ్యం కాబట్టి అది కనబడాలి. నకాషీ పనివాడు చందమామను అలంకారానికి పెట్టాడు. వెలుగు మాత్రం ఆడవాళ్లకిచ్చాడు. ఆయన తెలిసి చేసినా, అలవాటు కొద్దీ చేసినా, నాకు మాత్రం అది నచ్చింది.

ఇంతవరకు పుస్తకాలతో, కండ్లతో తెలుసుకున్నది. ఇక అత్తమ్మ ప్రశ్న మిగిలింది. ఒకనాడు మధ్యాహ్నం పటాన్ని మెత్తటి బట్టతో తుడుస్తూ ఆమెనే అడిగాను. "అత్తమ్మా, మరి వాళ్లు ఆనందంగా లేరా?"

"వాళ్లు ఎట్ల ఉన్నరో నాకెట్ల ఎరుక? నేనెట్ల ఉంటినో చెప్తా" అని మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో మా వాడకంతటికీ ఒకటే మంచినీళ్ల చేదబావి. ఎండాకాలం వస్తే పగలు నీళ్లు అడుగంటేవి. రాత్రంతా ఊట ఊరితే తెల్లారగట్ల రెండు మూడు బిందెల నీళ్లు చేదుకోవచ్చు. అందుకని ఆడవాళ్లు నడిజాము దాటినంక లేచి పోయేవాళ్లు. ముందు పోయినవాళ్లకే నీళ్లు. అమావాస్య రోజుల్లో తొవ్వ కనబడక భయం, అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి పోయేది. వెన్నెల ఉంటే దీపం అక్కరలేదు. అంటే పటంలోని వెన్నెల, ముగ్గురు ఆడవాళ్లు, వరుస నడక ఏదీ ముచ్చట కోసం కాదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. ఎప్పుడో ఎక్కడో ఒక నకాషీ పనివాడు వాళ్లను చూసే ఉంటాడు. బంగళాల గిరాకీకి నడుము సన్నం చేసి ఉంటాడు గానీ, నడకను మార్చలేదు.

"నాకు పగటి పూట తీరేది కాదు" అన్నది అత్తమ్మ. పగలంతా బీడీలు. మా దిక్కు సంగతి తెలిసినవాళ్లకు చెప్పే పని లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఎక్కడైనా సరే అరుగుమీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించని ఇల్లు ఉండేది కాదు. వెయ్యి బీడీలు చుడితే ఒక రోజు కూలి. మగవాళ్లు 1970ల నుంచి బొంబాయి మీదుగా గల్ఫ్ దేశాలకు పోవడం మొదలుపెట్టారు. దుబాయ్, మస్కట్, సౌదీ. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు మిగిలారు. మామయ్య రెండేండ్లకొకసారి వచ్చి రెండు నెలలు ఉండి పోయేవారు. ఉత్తరం నెలకొకటి. ఆ ఉత్తరాలు చదివి పెట్టడానికి అత్తమ్మకు పక్కింటి పిల్లవాడు కావాలి.

"ఆ వెనక్కి చూసేటామె ఉన్నది చూడు. ఆమె ఎవల కోసమో చూస్తున్నది అనుకునేది నేను. తొవ్వ దిక్కు చూస్తున్నది. రాత్రి పండుకునేటప్పుడు దీపం తగ్గించి ఒకసారి ఆమె ముఖం చూస్తుంటి. నాకు తోడు ఉన్నట్టు ఉండేది." ఇంత మాట అత్తమ్మ నాతో ఎన్నడూ అనలేదు. నేను తుడవడం ఆపేశాను.

మొగుడు పరదేశం పోయిన ఆడమనిషికి మన అలంకారశాస్త్రంలో పేరు ఉంది. ప్రోషితభర్తృక. అష్టవిధ నాయికల్లో ఆమె ఒకతి. పరీక్షకు ఎనిమిది పేర్లూ బట్టీ పట్టాను. ఆ పేరున్న మనిషి నాకు రోజూ చాయ్ పోసి ఇస్తోందని అప్పుడు తోచలేదు.

ఇంకా వెనక్కి పోతే ఈ కథ మా గోదావరి ఒడ్డుదే. జగిత్యాల జిల్లాలోనే కోటిలింగాల ఉంది. శాతవాహనుల మొదటి రాజుల నాణేలు దొరికిన చోటు. ఆ శాతవాహన వంశపు రాజు హాలుడి పేరుమీద ఉన్న సంకలనం గాథాసప్తశతి. ప్రాకృతంలో ఏడువందల దాకా చిన్న చిన్న గాథలు. అందులో దేవతలు తక్కువ, పల్లె మనుషులు ఎక్కువ. గోదావరి, చేలు, వాన మబ్బులు, ఊరు విడిచిపోయిన మొగుడు, గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు, అత్తతో మాట్లాడే కోడలు. మబ్బు వచ్చిందంటే ఆ గాథల్లో అది వాతావరణం కాదు. వానకాలానికి ముందు ఇల్లు చేరతానన్న మనిషి ఇంకా రాలేదని గుర్తు.

తమిళులు ఇంకొంచెం ముందుకు పోయి దీన్ని లెక్కగా కట్టారు. వాళ్ల పాత సంగ కవిత్వంలో నేలలు ఐదు, ఒక్కో నేలకు ఒక్కో మనఃస్థితి. కొండ అంటే కలయిక. అడవి అంటే ఓపికగా ఎదురుచూడటం. పొలం అంటే అలక. సముద్రతీరం అంటే దిగులు. ఎండిన నేల అంటే ఎడబాటు. కవి నేల పేరు చెబితే చాలు, మనసు సంగతి విన్నవాళ్లకు తెలిసిపోయేది. చీనా వాళ్లు ప్రకృతి చిత్రానికి పెట్టుకున్న పేరుకు అర్థం 'కొండ, నీరు' అట. అందులో మనిషి ఉంటే చీమంత ఉంటాడు. మన దగ్గర మాత్రం మనిషి లేని ప్రకృతి తక్కువే. ఉన్నా అందులో ఎవరో ఒకరు లేని లోటే కనబడుతుంది.

మన తెలుగు కవుల్లో ఆడవాళ్ల పనిని ప్రకృతిలో చూసినవాడు నాకు తెలిసి కృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యదలో వానకాలం వర్ణిస్తూ నెమళ్లు, మబ్బులతో ఆగలేదు. ముసురులో నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాలిని, తడిసిన కట్టెలు రాజుకోక పొగతో పడే తిప్పలను రాశాడు. రాజు అయి ఉండి వంటింటి పొగ ఎట్లా చూశాడో! వాన అందం, వాన కష్టం రెండూ ఒకే వర్ణనలో ఉండొచ్చని నాకు ఆ పద్యం వల్లనే తెలిసింది.

మన కాలపు చిత్రకారులు ఈ నేలను ఎట్లా చూశారా అని కూడా వెతికాను. మహబూబాబాద్ దిక్కు పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి, దక్కన్ రాళ్లను ప్రేమగా వేశారు. మనం రోజూ చూసి 'బండలు' అని వదిలేసే గుట్టలు ఆయన బొమ్మల్లో ప్రాణమున్న వాటిలా ఉంటాయి. సిద్దిపేట కాపు రాజయ్య 1925లో పుట్టారు. బోనాలు, బతుకమ్మ, ఊరి పనిపాటలు వేశారు. వీళ్లిద్దరూ 2012లోనే పోయారు. వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొమ్మల్లో అయితే చెట్టూ లేదు, గుట్టా లేదు. పెద్ద బొట్టు, ముక్కుపుల్ల, మెరిసే చీర కట్టిన ఆడవాళ్లు బొమ్మంతా నిండి ఉంటారు. తన బొమ్మలకు మూలం తన తల్లేనని ఆయన చెప్పుకున్నారు. ఆ బొమ్మలు చూస్తే ఊరిని వేరే వేయాల్సిన పని లేదనిపిస్తుంది. ఆమె చీర రంగులోనే, నల్లటి ఒంటి నిగారింపులోనే ఊరు ఉంది. ఆ నలుపును ఎవరూ ఇంట్లో పెట్టుకోకూడదని అనరు, పైగా లక్షలు పెట్టి కొంటారు!

ఇదంతా అయ్యాక మా అమ్మాయి రెండోసారి రాసింది. ఈసారి బాపమ్మ చెప్పిన సంగతులు పెట్టింది. నడిజాము బావి, ఊట నీళ్లు, బీడీలు. చివరికి "ఈ చిత్రం అందంగా కనబడే కష్టాన్ని చూపిస్తుంది" అని ముగించింది. నాకు సంతోషమైంది. పటం అర్థం దొరికింది, ఇక అయిపోయింది అనుకున్నాను.

ఆ సాయంత్రం మామయ్య అరుగుమీద కూర్చుని ఉంటే, మాటల్లో అడిగాను. "మామయ్యా, ఆ పటం ఎందుకు కొన్నారు అప్పుడు?" అత్తమ్మ కోసం కొన్నానని చెబుతారని నా ఆశ.

"దుకాణంల సస్తగ ఉండె. నూట ఇరవై రూపాయలు" అన్నారు. అందరం నవ్వాం. కాసేపయినాక ఆయనే మళ్లీ అన్నారు. "దుబాయ్‌ల ఎండకు పని చేస్తుంటే నాకు ఆ పటంల వాగే యాదికొచ్చేది. ఇంటికాడ గోడమీద నీళ్లున్నయి అనుకునేటోణ్ని. పండుకుంటే ఆ వాగు చప్పుడు ఇనబడ్డట్టు ఉండేది."

అత్తమ్మ ఆయన దిక్కు అట్లాగే చూసింది. "గా వాగా? ఇన్నేండ్లల నేను దాన్ని సరిగ చూడనే లేదు" అన్నది. "నువ్వు కడవలు చూసినవ్" అన్నారు మామయ్య.

నలభై ఏండ్లు ఒకే పటం చూశారు ఇద్దరూ. ఆయన ఎడారిలో ఉండి నీళ్లను చూశాడు. ఆమె నీళ్లు మోస్తూ మోసే మనిషిని చూసింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. వాగూ ఉంది, కడవలూ ఉన్నాయి. నకాషీ పనివాడు రెండూ వేశాడు. చిత్రంలో ఉన్నదేదీ మనం కల్పించలేదు, కానీ అందులో మన కంటికి ముందు తగిలేది మన బతుకును బట్టి ఉంటుంది. మా అమ్మాయి రాసిన శాంతి కూడా పూర్తిగా అబద్ధమని ఇప్పుడు అనలేను. అది పుట్టేసరికి ఇంట్లో నల్లా ఉంది, తాత అరుగుమీద ఉన్నాడు. దానికి ఆ రాత్రి ప్రశాంతంగానే కనబడుతుంది. ఆ ప్రశాంతత ఎవరు ఎట్లా తెచ్చిపెట్టారో తెలిస్తే చాలు.

దాన్ని మూడోసారి రాయమని నేను చెప్పలేదు. అదే రాసుకుంది. పేజీ రెండు భాగాలు చేసి ఒక దిక్కు బాపమ్మ చూసిన చిత్రం, ఇంకో దిక్కు తాత చూసిన చిత్రం రాసి, కింద తను చూసినది రాసింది. ఎన్ని మార్కులు వస్తాయో తెలియదు.

పటం మళ్లీ గోడ ఎక్కింది. వాకిలికి ఎదురుగా మాత్రం కాదు. వాస్తు కోసం అనుకునేరు, కాదు. అత్తమ్మ, మామయ్య పండుకునే గదిలో, ఇద్దరి మంచాలకూ కనబడే గోడకు పెట్టాం. హాల్లో కొత్త గంధం రంగు గోడ ప్రస్తుతానికి ఖాళీగానే ఉంది. ఏడు గుర్రాలు మాత్రం పెట్టదలచుకోలేదు.

మీ ఇంటి గోడమీద కూడా ఏదో ఒక పాత సీనరీ ఉండే ఉంటుంది. దాన్ని దింపేముందు, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి. అందులో మీకు ఏం కనబడేది అని. ఆలస్యం చేయకండి. మేము నలభై ఏండ్లు ఆలస్యం చేశాం.